ఉమ్మేసిన తర్వాత పంటిపై ఏం మిగలాలి? టూత్‌పేస్టులోని ఖనిజాలను పంటికి పట్టించే పద్ధతి

పొద్దున్నే పళ్లు తోముకునేటప్పుడు మన ధ్యాసంతా ఏది పోవాలన్న దాని మీదే ఉంటుంది. పాచి పోవాలి, గార పోవాలి, వాసన పోవాలి. నురగ ఎంత ఎక్కువ వస్తే అంత బాగా తోమినట్టు లెక్క. చివరికి రెండు మగ్గుల నీళ్లతో నోరంతా కడిగేసుకుంటే గాని తృప్తి ఉండదు. నిజానికి పాచిని వదిలించేది బ్రష్షు. పేస్టు లేకుండా ఒట్టి బ్రష్షుతో ఓపిగ్గా తోమినా అది పోతుంది. మనం పేస్టుకు డబ్బు పెట్టేది మరో పని కోసం: అది పంటి మీద కాస్త ఖనిజాన్ని వదిలి వెళ్లాలి. అలా వదిలి వెళ్లాల్సిన దాన్నే మనం రోజూ మగ్గు నీళ్లతో తూములోకి పంపేస్తున్నాం.

కాబట్టి పేస్టును ఎలా ఎంచుకోవాలి, ఎంత వేసుకోవాలి, ఎప్పుడు తోముకోవాలి, తోముకున్నాక ఏం చేయకూడదు అన్నవి వరుసగా చూద్దాం. కావలసినవి నాలుగే: ఇంట్లో ఉన్న పేస్టు ట్యూబు, చిన్న అద్దం, కాస్త దూది, సన్నటి అక్షరాలను పెద్దవి చేసి చూపడానికి ఫోను.

ముందు పంటి సంగతి

పంటి పైపొర ఎనామిల్. బడి పుస్తకాల్లో పింగాణీ పొర అని చదువుకున్నది ఇదే. మన ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. మిగిలింది నీరు, కొద్దిగా మాంసకృత్తులు. ఆ ఖనిజం కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికం. దాని పేరు హైడ్రాక్సీఅపటైట్. దవడ పళ్ల మొనల మీద ఈ పొర మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. చిగురు దగ్గరికి వచ్చేసరికి బాగా పలచబడుతుంది.

చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్‌కు ఆ యోగం లేదు. దాన్ని కట్టిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేనాటికే తమ పని ముగించుకుని అంతరించిపోతాయి. విరిగిన ముక్కను మళ్లీ మొలిపించే పేస్టు ప్రపంచంలో ఎక్కడా లేదు. అట్టపెట్టె మీద ఏం రాసినా సరే.

ఎనామిల్ కొత్తగా పెరగదు గాని, అందులోని ఖనిజం మాత్రం రోజూ కాస్త పోతూ, కాస్త వచ్చి చేరుతూ ఉంటుంది. మనం తీపి తిన్నప్పుడల్లా పాచిలోని బ్యాక్టీరియా ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్; అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు. నోటిలో పీహెచ్ 5.5 కంటే దిగువకు పడిందంటే స్ఫటికాల నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి రావడం మొదలవుతుంది. 1940లలో స్టీఫన్ అనే పరిశోధకుడు దీన్ని కొలిచి చూపాడు. చక్కెర నీళ్లతో పుక్కిలించిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ పడిపోతుంది. మళ్లీ మామూలు కావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అలా మామూలు చేసేది లాలాజలం. ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్, మళ్లీ పంటికి చేర్చడానికి కాల్షియం, ఫాస్ఫేట్ అందులోనే ఉన్నాయి. అంటే మన నోటిలోనే మరమ్మతు సామాను ఉంది. పేస్టులోని ఖనిజం ఆ మరమ్మతును తొందరపెట్టడానికి, గట్టిపరచడానికి.

మొదటి పని: దూదితో ఒక పరీక్ష

పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర అద్దం పట్టుకుని నిలబడండి. పై పెదవిని వేలితో పైకెత్తి, ముందు పళ్లు, కోర పళ్లు చిగురును ఆనుకునే అంచును చూడండి. తడిగా ఉన్నప్పుడు అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి. ఇప్పుడు దూదితో వాటిని అద్ది తుడిచి, పెదవి తగలనివ్వకుండా ఐదారు సెకన్లు ఆగండి. ఆరిన పంటి మీద చిగురు వెంబడి సుద్దముక్కతో గీసినట్టు తెల్లని మచ్చ ఏమైనా తేలిందా?

తేలితే అక్కడ ఖనిజం పోయిందన్నమాట. పంటిలో పుచ్చు మొదలయ్యే తీరు ఇదే. నల్లటి గుంట కనిపించడం ఆ కథలో చివరి ఘట్టం. ఆరితేనే మచ్చ ఎందుకు కనిపిస్తుందంటే, తెల్ల పంచె తడిసినప్పుడు ఒంటి రంగు బయటికి కనిపించి, ఆరగానే మళ్లీ తెల్లబడటానికి ఏది కారణమో ఇక్కడా అదే. ఖనిజం పోయిన చోట కంటికి ఆనని సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. వాటిలో నీరున్నంతసేపు వెలుగు పెద్దగా చెదరకుండా లోపలికి సాగిపోతుంది. నీరు పోయి గాలి నిండగానే వెలుగు చెల్లాచెదురై ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది. ఆరబెడితేనే కనిపించే మచ్చ తొలి దశ. తడిగా ఉన్నప్పుడు కూడా కనిపిస్తుంటే నష్టం ఇంకాస్త లోతుకు వెళ్లిందని అర్థం.

ఆ మచ్చ పైపొర ఇంకా చెక్కుచెదరకుండానే ఉంటుంది. నష్టమంతా దాని అడుగున. అందుకే పిన్నీసుతోనో గోటితోనో గీకి చూడకండి. ఉన్న ఆ పలుచని పైకప్పు కూలిందంటే ఇక పేస్టు చేయగలిగింది ఏమీ లేదు, డాక్టరు పూడ్చాల్సిందే. పైకప్పు నిలిచి ఉన్నంత కాలం మాత్రం ఖనిజం మళ్లీ లోపలికి చేరుతుంది. ఏ పంటి మీద, ఎక్కడ మచ్చ ఉందో ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. దానితో చివరలో పని ఉంది.

రెండో పని: ట్యూబును చదవడం

ఈ పని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం ఉపయోగపడుతుంది.

ముందుగా చూడాల్సింది ఫ్లోరైడ్, అంటే పోయిన ఖనిజం పంటికి తిరిగి చేరడానికి తోడ్పడే పదార్థం. "మీ పేస్టులో ఉప్పు ఉందా" అని అడిగే ప్రకటన మనందరికీ నోటికి వచ్చు. "మీ పేస్టులో ఫ్లోరైడ్ ఎంత ఉంది" అని ఎవరూ అడగరు, అడగాల్సింది అది. మన దేశంలో ఫ్లోరైడ్ ఉన్న పేస్టుకు 1000 పీపీఎం గరిష్ఠ పరిమితి. ఎన్ని పీపీఎం ఉందో ట్యూబు మీద, అట్టపెట్టె మీద ముద్రించాలన్నది నిబంధన. గడువు తేదీ కూడా వేయాలి. 1000 పీపీఎం అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. కొన్ని ట్యూబుల మీద శాతాల్లోనూ రాస్తారు: సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ 0.76 శాతం అన్నా, సోడియం ఫ్లోరైడ్ 0.22 శాతం అన్నా దాదాపు ఆ 1000 పీపీఎమే. అమెరికా, ఇంగ్లండ్ వంటి చోట్ల ఉన్న మనవాళ్లు కొనే ట్యూబుల మీద 1100, 1450 వంటి అంకెలు కనిపిస్తాయి. అక్కడి పరిమితి వేరు, అంతే.

ఈ రెండు పేర్లలో ఏది ఉండాలి? ఏదైనా సరే, కానీ దాని పక్కన ఏముందో చూడండి. పేస్టులో పాచిని రాపిడితో తీసే పొడి ఒకటి ఉంటుంది. చౌకగా దొరికే వాటిలో అది కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద. కొంచెం ఖరీదైన వాటిలో, ముఖ్యంగా జెల్ రకాల్లో, హైడ్రేటెడ్ సిలికా. సుద్దలోని కాల్షియానికి సోడియం ఫ్లోరైడ్ అంటే వల్లమాలిన మక్కువ. రెండూ ఒకే ట్యూబులో ఉంటే అక్కడే కలిసి గట్టిపడిపోతాయి, పంటికి అందేది కొంచెమే. అందుకే సుద్ద పేస్టులో తయారీదారులు మోనోఫ్లోరోఫాస్ఫేట్ వాడతారు. అందులో ఫ్లోరైడ్ ఫాస్ఫేట్‌కు కట్టుబడి ఉండి, నోటిలోకి వచ్చాక నెమ్మదిగా విడుదలవుతుంది. సోడియం ఫ్లోరైడ్‌ను సిలికాతో జత చేస్తారు. కాబట్టి సుద్ద, మోనోఫ్లోరోఫాస్ఫేట్ ఒక జత. సిలికా, సోడియం ఫ్లోరైడ్ మరో జత. ఈ జతలు సరిగా ఉంటే పది రూపాయల ట్యూబైనా, రెండు వందల ట్యూబైనా పుచ్చు నుంచి కాపాడటంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

గడువు తేదీ కూడా ఊరికే వేసింది కాదు. సుద్ద పేస్టులో కాలం గడిచేకొద్దీ, ఎండ వేడికి మరింత తొందరగా, పనికొచ్చే ఫ్లోరైడ్ తగ్గిపోతుంది. తగ్గింపు ధరకు వచ్చిందని డజను ట్యూబులు కొని రేకుల కప్పు కింద అటక మీద దాచడం లాభసాటి బేరం కాదు.

ట్యూబు అడుగున కనిపించే రంగు గడి గురించి ఒక మాట. ఆకుపచ్చ అయితే మూలికలు, నలుపు అయితే రసాయనాలు అన్న సందేశం ఏడాదికోసారి ఫోనుల్లో ఊరేగుతుంది. ఆ గడి ట్యూబును ఎక్కడ కోయాలో, ఎక్కడ మడవాలో యంత్రానికి చూపించే గుర్తు మాత్రమే.

ఇక మిగిలిన ఖనిజాలు. పొటాషియం నైట్రేట్ 5 శాతం అని ఉంటే అది పళ్లు జివ్వుమనకుండా చేసే పేస్టు. చల్లటి నీళ్లు తగిలినప్పుడు లోపలి నరం ఉలిక్కిపడకుండా అది జోకొడుతుంది, ఎనామిల్‌ను మాత్రం ముట్టుకోదు. ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రెండు రోజులు వాడి పారేసేవారే ఎక్కువ. స్ట్రాన్షియం లవణాలు, స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్‌తో కలిపిన సుద్ద వేరే దారిలో పనిచేస్తాయి: ఎనామిల్ కింద డెంటిన్‌లో ఉండే సన్నని గొట్టాల మూతులను మూసేస్తాయి. కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని పొడవాటి పేరు కనిపిస్తే అది ఒక రకం గాజు పొడి. ఎముకకు అతుక్కునే ఇలాంటి గాజును 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ల్యారీ హెంచ్ రూపొందించాడు. నోటిలో తడి తగలగానే అది కాల్షియం, ఫాస్ఫేట్ వదులుతుంది. పాలలోని కేసీన్ నుంచి తీసిన కాల్షియం ఫాస్ఫేట్ మిశ్రమం మరొకటి. పాల మాంసకృత్తులకు అలర్జీ ఉన్నవారు దాని జోలికి వెళ్లకూడదు. జపాన్‌లో చాలా కాలంగా వాడుతున్న నానో హైడ్రాక్సీఅపటైట్ ఇప్పుడు మన దగ్గరా దొరుకుతోంది. పంటి ఖనిజాన్నే అతి సన్నని రేణువులుగా చేసి అందించడం దాని సూత్రం. ఇవేవీ మోసం కావు. అయితే పుచ్చును ఆపడంలో ఫ్లోరైడ్‌కు ఉన్నంత సుదీర్ఘమైన సాక్ష్యం, తానే ఒక ఫ్లోరైడ్ అయిన స్టానస్ ఫ్లోరైడ్ తప్ప, వీటిలో దేనికీ లేదు. చేతిలో డబ్బు తక్కువైతే వీటిని వదిలేయండి, ఫ్లోరైడ్‌ను వదలకండి.

లవంగ నూనె ఉన్న పేస్టు నొప్పిని మొద్దుబారుస్తుంది, అంతవరకే. వేప, ఉత్తరేణి పేర్లున్న పేస్టుల్లో ఫ్లోరైడ్ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ముందు వైపు ఆకుల బొమ్మ చూసి తేల్చుకోకుండా వెనక్కి తిప్పండి.

గరుకు పొడుల జోలికి వెళ్లేముందు

మా నాయనమ్మ పొయ్యి బూడిదతో తోముకునేది. పక్కింటి తాతగారికి ఇటుక పొడి ఉంటే గాని తోముకున్నట్టు ఉండేది కాదు. "మా పళ్లు చూడరా, గచ్చకాయల్లా ఉన్నాయి" అనేవాడు గాని, ఆయన కోర పళ్ల మొదట్లో బ్లేడుతో కోసినట్టు గాడులు పడి ఉండేవి. లెక్క సులువు. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానం మీద ఎనామిల్ స్థానం 5. సుద్ద 3. ఇటుకలో ఉండే ఇసుక, అంటే క్వార్ట్జ్, 7. తనకంటే గట్టిదానితో రుద్దితే ఏ వస్తువైనా అరుగుతుంది. ఊక బూడిదలోనూ ఉండేది సిలికాయే. ఎర్ర పళ్లపొడి డబ్బా మీద గైరికం అని రాసి ఉంటే అది ఎర్రమట్టి.

ఇప్పటి బొగ్గు పేస్టులు ఆ పాత అలవాటుకే కొత్త చొక్కా తొడిగినట్టు ఉంటాయి. పైనున్న మరకను గీకేసి మొదటి వారం తెల్లగా చూపిస్తాయి. కానీ పంటి పసుపు రంగు ఎనామిల్‌ది కాదు. ఎనామిల్ సగం పారదర్శకం. దాని వెనక ఉన్న డెంటిన్ పసుపు ముందుకు కనిపిస్తుంది. పైపొర అరిగేకొద్దీ ఆ పసుపు మరింత తేటగా బయటపడుతుంది. తెల్లబరచుకోవాలని తోమేకొద్దీ పచ్చబడటం అంటే ఇదే. పేస్టు గరుకుతనాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని పై హద్దు 250. మన ట్యూబుల మీద ఆ అంకె సాధారణంగా కనిపించదు. రెండు వేళ్ల మధ్య పేస్టు రుద్ది చూడండి. ఇసుకలా తగిలితే రోజువారీ వాడకానికి వద్దు.

మూడో పని: ఎంత వేసుకోవాలి

ప్రకటనల్లో బ్రష్షు పొడవునా, చివర వంపు తిరిగి, జిలేబీలా పరుచుకునే పేస్టును మర్చిపోండి. అది అమ్మకానికి పనికొచ్చే కొలత.

మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే తోమవచ్చు, తల్లో తండ్రో తోమాలి. మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠానీ గింజంత. పెద్దవాళ్లకు దానికంటే కొంచెం ఎక్కువైతే చాలు.

ఇంత పట్టింపు ఎందుకంటే, చిన్నపిల్లలకు ఉమ్మడం రాదు, మింగడం వచ్చు. పైగా పేస్టు తియ్యగా ఉంటుంది. బఠానీ గింజంత పేస్టు బరువు సుమారు పావు గ్రాము. 1000 పీపీఎం పేస్టయితే అందులో ఉండేది 0.25 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బ్రష్షు పొడవునా పరిస్తే ఒక గ్రాము పైమాటే, అంటే ఒక మిల్లీగ్రాము దాటుతుంది. రెండు పూటలా అంతా మింగితే రెండు మిల్లీగ్రాములు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు అన్ని దారుల్లోనూ కలిపి రోజుకు 1.3 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా నిపుణులు పెట్టిన హద్దు. బఠానీ గింజతో ఆ హద్దు దరిదాపులకు కూడా వెళ్లం. జిలేబీతో దాటేస్తాం.

ట్యూబును పిల్లల చేతికి ఇవ్వకండి. పేస్టు వేసి బ్రష్షు ఇవ్వండి.

నాలుగో పని: ఎప్పుడు తోముకోవాలి

రోజుకు రెండుసార్లే తోముకోగలిగితే వాటిలో ఒకటి రాత్రి పడుకునే ముందు కావాలి. ఒక్కసారే కుదిరితే ఆ ఒక్కటీ రాత్రే. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పగలంతా పంటికి కాపలా కాసే మనిషి రాత్రి సెలవు పెట్టినట్టే. ఆ వేళ నోటిలో మిగిలిన ఫ్లోరైడ్ గంటల తరబడి అక్కడే ఉంటుంది. పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసివాళ్ల ముందు పళ్లు పుచ్చిపోవడం వెనక ఉన్నదీ ఈ లాలాజలం కరువే.

పులుపు తిన్న వెంటనే మాత్రం తోమకండి. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6, కోలా పానీయాలదీ ఇంచుమించు అంతే. అది తగిలిన ఎనామిల్ పైపొర కాసేపు మెత్తబడి ఉంటుంది. ఆ సమయంలో బ్రష్షు పెట్టడం పచ్చి గోడ మీద చీపురు వేయడం లాంటిది. మామూలు నీళ్లతో పుక్కిలించి అరగంట నుంచి గంట ఆగండి. ఎండాకాలం నిమ్మకాయ సోడా తాగేవారికి, ఉప్పూకారం అద్దుకుని మామిడికాయ ముక్కలు నమిలేవారికి ఇది ముఖ్యం. పెరుగన్నం విషయంలో ఈ భయం అక్కర్లేదు. పెరుగు పీహెచ్ కూడా తక్కువే అయినా, అందులో కాల్షియం, ఫాస్ఫేట్ నిండుగా ఉంటాయి కాబట్టి పంటి నుంచి లాక్కునే అవసరం దానికి ఉండదు.

చక్కెర విషయంలో ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ఎక్కువ లెక్కలోకి వస్తుంది. భోజనంతో పాటు ఒకేసారి రెండు లడ్డూలు తింటే పీహెచ్ ఒక్కసారి పడి లేస్తుంది. అదే తీపిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆరు టీలుగా చప్పరిస్తే ఆరుసార్లు పడుతుంది, లేవడానికి వ్యవధి ఉండదు. ఆ పరిస్థితిలో ఎంత మంచి పేస్టయినా ఎదురీదాల్సిందే.

ఐదో పని: తోముకునే వరుస, ఉమ్మే పద్ధతి

మన స్నానాలగదుల్లో వరుస ఇలా ఉంటుంది: తోమడం, ఉమ్మడం, పుక్కిలించడం, నాలుక బద్దతో గీసుకోవడం, మళ్లీ పుక్కిలించడం. దీన్ని తిరగేయండి.

ముందు నాలుక గీసుకోండి. తర్వాత నీళ్లతో నోరు పుక్కిలించి కడుక్కోండి. ఎన్ని మగ్గులైనా ఇప్పుడే వాడుకోండి. ఆ తర్వాత మెత్తటి కుచ్చులున్న బ్రష్షు మీద పేస్టు వేసి, చిగురుకూ పంటికీ మధ్య గీత మీద కాస్త వాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమండి. రంపం లాగినట్టు అడ్డంగా లాగకండి. మీ బ్రష్షు కుచ్చులు నెల తిరక్కుండానే నలువైపులా విచ్చుకుంటున్నాయంటే చేయి బరువు ఎక్కువైందని గుర్తు.

తోమాక ఉమ్మండి. నురగ పోయేదాకా రెండు మూడుసార్లు ఉమ్మండి. మూతి కడుక్కోండి. నోటిలోకి మాత్రం నీళ్లు పోసుకోకండి.

చెప్పడం తేలికే గాని మొదటి వారం ఇది చాలా ఎబ్బెట్టుగా ఉంటుంది. పుక్కిలించకుండా లేవడమంటే స్నానం చేసి సబ్బు కడుక్కోనట్టే అనిపిస్తుంది. మరీ ఉండలేకపోతే ఒక్క గుక్కెడు, అంటే చెంచాడు నీళ్లు తీసుకుని, నోటిలో అటూ ఇటూ తిప్పి ఉమ్మేయండి. ఆ తర్వాత అరగంట పాటు ఏమీ తినకండి, తాగకండి.

ఆ అరగంటలో పంటి మీద జరిగేది ఇది. లాలాజలంలోని కాల్షియంతో ఫ్లోరైడ్ కలిసి, కాల్షియం ఫ్లోరైడ్ వంటి సన్నని గుళికలుగా పంటి మీద, పాచి మిగిలిన సందుల్లో అంటుకుంటుంది. అవి అక్కడే పడి ఉంటాయి. మీరు మధ్యాహ్నం మిఠాయి తిన్నారు, బ్యాక్టీరియా ఆమ్లం వదిలింది, పీహెచ్ పడింది. సరిగ్గా అప్పుడు ఆ గుళికలు కరిగి ఫ్లోరైడ్‌ను వదులుతాయి. కరిగి బయటికి పోబోతున్న కాల్షియం, ఫాస్ఫేట్‌లను ఫ్లోరైడ్ మళ్లీ స్ఫటికం వైపు లాగుతుంది. కొత్తగా పేరుకునే ఖనిజంలో తానూ ఇరుక్కుంటుంది. అలా ఏర్పడిన ఫ్లోరపటైట్ కరగాలంటే పీహెచ్ 5.5 చాలదు, ఇంచుమించు 4.5 దాకా పడాలి. పోయిన చోటే, పోయినదానికంటే కాస్త గట్టి సరుకు వచ్చి కూర్చుంటుంది. ఒక మగ్గు నీళ్లు వీటన్నిటినీ గుళికలు కాకముందే తుడిచిపెట్టేస్తాయి.

ఆరో పని: మీ నీళ్ల సంగతి తెలుసుకోవడం

ఇంతవరకు చదివిన నల్లగొండ పాఠకులకు, ప్రకాశం జిల్లా పాఠకులకు గొంతులో ఒక ప్రశ్న అడ్డుపడే ఉంటుంది: ఫ్లోరైడే కదా మా ఊళ్లో పళ్లను గోధుమరంగు చేసింది, ఎముకలను వంచింది? దాన్నే డబ్బు పెట్టి కొని నోట్లో వేసుకోమంటారా?

న్యాయమైన ప్రశ్న. ఒంట్లోకి ఫ్లోరైడ్ మితిమీరి చేరితే వచ్చే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో అది మొదట బయటపడింది కూడా తెలుగు నేల మీదే. 1930లలో నెల్లూరు ప్రాంతపు రైతులు తమ ఎద్దులు నడవలేకపోవడం గమనించారు. మనుషుల్లోని ఫ్లోరోసిస్ మీద 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆ జిల్లా నుంచే నివేదిక ఇచ్చారు. అంతకు ముందు 1901లో అమెరికాలోని కొలరాడోలో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అక్కడివారి పళ్ల మీద గోధుమరంగు మరకలు చూసి ఏళ్ల తరబడి కారణం వెతికాడు. ఆ మరకల పళ్లు చూడటానికి వికారంగా ఉన్నా పుచ్చడం మాత్రం తక్కువని ఆయన గుర్తించాడు. తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో తేలింది. పేస్టులోకి ఫ్లోరైడ్ రావడానికి తొలి మెట్టు ఆ మరకలే.

తేడా రెండు చోట్ల ఉంది. మరక పడేది పన్ను దవడ లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, మింగిన ఫ్లోరైడ్ రక్తం ద్వారా చేరినప్పుడు. ముందు పళ్లకు మొదటి మూడేళ్లే అత్యంత గడ్డుకాలం. బయటికి వచ్చిన పంటి మీద పైపూతగా తగిలి ఉమ్మివేసే ఫ్లోరైడ్‌తో ఈ మరక రాదు. రెండోది మోతాదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము, తప్పనిసరైతే 1.5 అని మన ప్రమాణం. ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో పాత బోరు నీళ్లు దీన్ని ఎన్నో రెట్లు మించేవి. రోజుకు మూడు లీటర్లు తాగే కూలీ ఒంట్లోకి అలా చేరేదానితో పోలిస్తే పేస్టు నుంచి పొరపాటున మింగేది ఏపాటి?

కాబట్టి ఆ ప్రాంతాల్లో ఉన్నవారు చేయాల్సింది ఇది. ముందు తాగే నీటిని పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నల్లగొండ పద్ధతి అనే పేరే ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) దాన్ని రూపొందించింది. ఇప్పుడు నదీజలాలు వస్తున్న ఊళ్లలోనూ వంటకు పాత బోరు నీళ్లే వాడే ఇళ్లు ఉంటే, ఆ అలవాటు ముందు మానాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే, ఆరేళ్లలోపు పిల్లలకు ఎలాంటి పేస్టు వాడాలో దంతవైద్యుణ్ని అడిగి తేల్చుకోండి. పెద్దవాళ్లు, ఉమ్మడం వచ్చిన పెద్ద పిల్లలు ఫ్లోరైడ్ పేస్టు వాడుకోవచ్చు.

దూది పరీక్షలో మీకు కనిపించిన తెల్ల మచ్చ ఫ్లోరోసిస్‌దా, పుచ్చు మొదలుదా అనే అనుమానం రావచ్చు. ఫ్లోరోసిస్ అయితే కుడి ఎడమ పళ్ల మీద జంటగా, పంటికి అడ్డంగా సన్నని తెల్ల గీతలుగానో మబ్బు తునకలుగానో ఉంటుంది. పుచ్చు మచ్చ పాచి నిలిచే చోట, చిగురు అంచునే పడుతుంది. జంటగా ఉండాలన్న నియమం లేదు.

పెద్దవాళ్లకు రెండు మాటలు

చిగుళ్లు కిందికి జారితే బయటపడే వేరు భాగం మీద ఎనామిల్ ఉండదు. అది ఇంచుమించు పీహెచ్ 6 దగ్గరే కరగడం మొదలవుతుంది. రక్తపోటుకు, మరికొన్ని జబ్బులకు వాడే మాత్రలు నోరు ఎండిపోయేలా చేస్తాయి. ఈ రెండూ కలిసిన అరవై దాటినవారికి రాత్రిపూట ఫ్లోరైడ్ పేస్టు కుర్రవాళ్లకంటే ఎక్కువ అవసరం. అవసరమనిపిస్తే దంతవైద్యుడు పంటికి ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. అది 22,600 పీపీఎం, ఇంట్లో పెట్టుకునేది కాదు. కట్టుడు పళ్లకు మాత్రం పేస్టు వాడకండి. వాటికి ఎనామిల్ లేదు, గీతలు పడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు. మామూలు సబ్బు నీళ్లు చాలు. వేడి తగిలాక నొప్పి నిమిషాల తరబడి నిలిచిపోతున్నా, రాత్రి నిద్రలో పన్ను పోటెత్తినా అది ఏ పేస్టుకూ లొంగే దశ కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చివరి పని: మూడు నెలల తర్వాత మళ్లీ దూది

అదే కిటికీ, అదే అద్దం, ఇంచుమించు అదే సమయం. ఫోనులో పాత ఫొటో తెరిచి పెట్టుకుని, ఆ పంటినే దూదితో ఆరబెట్టండి. మచ్చ పూర్తిగా మాయమైపోవాలని ఆశించకండి, చాలాసార్లు పోదు. అది సుద్దలా పేలవంగా, వెలుగు పీల్చేసినట్టు ఉందా, లేక గాజులా నున్నగా మెరుస్తోందా అన్నది చూడండి. మెరుస్తుంటే ఖనిజం తిరిగి చేరి ఆ చోటు గట్టిపడింది, మచ్చ ఒక పాత గుర్తుగా మిగిలింది. పేలవంగానే ఉండి, పాత ఫొటోలోకంటే పెద్దదైతే ఆ ఫొటోలు రెండూ దంతవైద్యుడికి చూపించండి.